ట్రైనింగ్ కాయితం కోసం

ఆ కాయితం మీద మూడంటే మూడు లైన్లు. ఈ విద్యార్థిని మా ఆఫీసుల ఎనిమిది వారాలు ట్రైనింగ్ చేసేతందుకు ఒప్పుకుంటున్నం, అంతే. కింద ఒక సంతకం, ఒక ముద్ర. దానికోసం నేను తిరిగిన తిరుగుడు యాదికొస్తె ఇప్పటికీ ఒళ్లు మండుతది.

నేను హైదరాబాద్‌ల ప్లానింగ్ డిగ్రీ చదువుతున్న. ఊరు ఎటు పెరగాలె, రోడ్డు ఎంత వెడల్పుండాలె, మోరీ నీళ్లు ఎటు పోవాలె, గిదీ మా చదువు. మూడో ఏడు అయిపోంగనే ఏదన్న ప్లానింగ్ ఆఫీసుల పని నేర్చుకోవాలె. ఆఫీసును మాత్రం ఎవరికి వాళ్లే వెతుక్కోవాలె. శుక్రవారం లోపల కాయితం ఇయ్యకపోతే ఏడాది పోతది. ఏడాది పోతే స్కాలర్‌షిప్ ఆగుతది. అది ఆగినంక నేను మా అమ్మెంబడి పత్తి చేన్లకు పోవుడే.

నా తోటి పిల్లలకు ఒక్క ఫోన్‌తోని పనైపోయింది. ఒకామె మేనమామదే కంపెనీ, ఇంకొకామె నాయినకు దోస్తులున్నరు. నేను హైదరాబాద్‌ల ఎక్కని మెట్టు లేదు. పోయిన కాడల్లా "మిమ్మల్ని ఎవరు పంపిన్రు?" అని అడుగుడు. ఎవ్వరూ పంపలే, నేనే వచ్చిన అంటే "మెయిల్ పెట్టండి" అనుడు. పెట్టిన. జవాబు లేదు, పాడు లేదు. ఆఖరికి మాకు పాఠం చెప్పే సారొకాయన "మీ దిక్కు ఆఫీసులల్ల అడగరాదు?" అన్నడు.

మాది బిజినేపల్లి దగ్గర పల్లె. సోమవారం పొద్దుగాలనే గద్వాలకు పోయిన. బీచుపల్లి కాడ బ్రిడ్జి దాటుతుంటే బస్సులకెల్లే ఆంజనేయునికి దండం పెట్టుకున్న. ఆడి ప్లానింగ్ ఆఫీసుల చూస్తె ఆఫీసర్ సారు కుర్చీ ఖాళీ. సారు మూడూర్లకు ఇంచార్జి అంట, ఇయ్యాల వనపర్తిల ఉంటడంట. మంగళవారం వనపర్తికి పోయిన. నాగర్‌కర్నూల్‌ల మీటింగ్ ఉంది, ఆడికి పోయిండన్నరు. బుధవారం నాగర్‌కర్నూల్‌కు ఉరికిన. "అయ్యో, గిప్పుడే గద్వాలకు ఎల్లిండమ్మా" అన్నరు. బస్టాండ్‌ల చాయ్ అమ్మేటాయన నా మొహం చూసి ఏందని అడిగితే చెప్పిన. "సారు ఏడుంటడో సారుకే తెల్వదు, నీకేం తెలుస్తది?" అని నవ్విండు. నాకు నవ్వు రాలే. ఆయన ముందటనే కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

ఆ పొద్దుమూకి మా నాయిన "రేపు నేనొస్త" అన్నడు.

"నువ్వొచ్చి ఏం చేస్తవ్?"

"ఏం చెయ్య. ఎంబడుంట."

మా నాయిన సగం జిందగీ మేస్త్రి ఎంబడి పూనా, బొంబాయి తిరిగి ఇసుక మోసిండు. ఆఫీసంటే ఆయనకు గుడి అసోంటిది. గడప కాడ చెప్పులిడిచిగాని లోపలికి పోడు. వద్దంటే ఇనడు.

గురువారం ఏ ఊర్ల దొరికిండో చెప్పను, చెప్తే ఏమొస్తది. మధ్యాహ్నంకల్లా వస్తడు, కూసోమన్నరు. నేను సారు రూము ముందటి బల్ల మీద కూసున్న. నాయిన బయట మెట్ల కాడ నిలబడ్డడు. ఆ రోజు ఆఫీసుల పాత కాయితాల కట్టలు పై రూముకెల్లి ఎనక రూములకు మారుస్తున్నరు. కట్టలు మోసుకుంట ఎవరో నా ముందటికెల్లి పోతున్నరు, వస్తున్నరు. నేను ఫైలు ఒళ్లె పెట్టుకొని, సారుకు చెప్పాల్సిన ముచ్చట ఇంగ్లీషుల మనసుల చదువుకుంటున్న. వంచిన తల ఎత్తలే. చెప్పుల్లేని కాళ్లు మాత్రం కనపడ్డయ్, దుమ్ము కొట్టుకపోయి. పొద్దటి సంది అవి పది సార్లన్న నా ముందటికెల్లి పోయినయ్.

మూడు గంటలకు సారు వచ్చిండు. నా ఇంగ్లీషు మొత్తం ఇననే లేదు. "ఈడ నేర్పేటోళ్లు ఎవరున్నరమ్మా? నాకే టైమ్ లేదు. హైదరాబాద్‌ల చూస్కో."

"సార్, రేపే ఆఖరి రోజు సార్."

"నేనేం చెయ్యాలె దానికి?"

నా మార్కుల మెమోలు బల్ల మీద పెట్టిన. ఆయన ముట్టుకోలే. అయిపోయింది, ఇగ నా చదువు అయిపోయింది అనుకుంట మెమోలు ఏరుకుంటున్న. అప్పుడే తలుపు కాడ మా నాయిన. నెత్తి మీద తువ్వాల చుట్ట, దాని మీద ఆఖరి కట్ట. అంగీ చెమటకు ఒంటికి అతుక్కపోయింది. కట్టను మెల్లగ కింద పెట్టి చేతులు జోడించిండు.

"సారూ, పై రూములయి అన్నీ దించిన. ఒక్కటి కూడ పాడు కానియ్యలే. మా బిడ్డకు జర సంతకం పెట్టుండ్రి."

సారు అటెండర్ దిక్కు చూసిండు. పిలిచిన కూలోళ్లు రాలేదంట. మెట్ల కాడ నిలబడ్డ మా నాయినను చూసి అటెండర్ "మోసేతందుకు వచ్చింది నువ్వేనా?" అని అడిగిండంట. కాదు అంటే సారుకు కోపమొస్తదేమో, బిడ్డ పని చెడుతదేమో అని మా నాయిన "నేనే" అన్నడంట. ఆఫీసోళ్లు ఏది చెప్తే దానికి కాదనుడు ఆయనకు రాదు.

"ఈయన మీ నాయినా?" అని సారు నన్ను అడిగిండు.

అవును అనేతందుకు నాకు జర సేపు పట్టింది. చెప్పుకుంటె సిగ్గు, కాని నిజం. ఆ జర సేపు మా నాయిన నా దిక్కే చూసిండు.

సారు నా ఫైలులకెల్లి కాయితం గుంజుకొని, ఒక్క లైను చదవకుండ సంతకం పెట్టి ముద్ర గుద్దిండు.

బస్సుల నాయిన మస్తు ఖుషీగ ఉండె. "చూసినవా, పని చేసినోన్ని ఎవ్వరూ కాదనరు" అన్నడు. నాకు ఎక్కడ లేని కోపమొచ్చింది. బస్సంత ఇనేటట్టు ఒర్రిన. "నిన్నెవరు మొయ్యమన్నరు? నేను మూడేండ్లు చదివింది నీ నెత్తి మీద మోయించేతందుకా?"

ఆయన తువ్వాలతోని మొహం తుడుచుకున్నడు. "నీ లెక్క మాట్లాడ రాదు గద బిడ్డా నాకు. నాకొచ్చింది నేను చేసిన" అన్నడు.

తెల్లారి కాలేజీల కాయితం ఇచ్చిన. తీసుకున్నామె సంతకం చూసింది, ముద్ర చూసింది, సరే అన్నది. నా ఏడాది నిలబడింది. హాస్టల్ బాత్‌రూముల నల్లా ఇప్పి గుండెలవిసేదాక ఏడ్సిన. నా మార్కులకు పడని సంతకం అది.

ట్రైనింగ్ మొదటి రోజు ఇస్త్రీ చేసిన డ్రెస్సు ఏసుకొని, స్కేలు, పెన్నులు బ్యాగుల పెట్టుకొని పోయిన. సారు ఇంకో ఊర్ల ఉన్నడు. అటెండర్ నన్ను చూసి, నా ఎనకాల తొంగి చూసిండు.

"మీ నాయిన రాలేదా? ఇంకా రెండు బీరువలున్నయ్ దించేతందుకు."

నేను బ్యాగు బల్ల మీద పెట్టిన. చున్నీ నడుముకు కట్టుకొని, బీరువలు ఏ రూముల ఉన్నయని అడిగిన.