ఖాళీగా ఉండని గద్దె

కరోనా తగ్గి కోర్టు వరండాలు మళ్లీ మనుషులతో నిండిన ఏడాది అది. ఢిల్లీలో సివిల్ కేసులు వాదించడం మొదలుపెట్టి అప్పటికే చాలా ఏళ్లయింది. అన్నదమ్ముల తగవులు, అద్దె ఇళ్ల గొడవలు బోలెడు చూశాను. రాజెవరో తేల్చే కేసు నా దగ్గరికి వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

ఆ కేసుతో నా దగ్గరికి వచ్చిన సుభద్రగారు మా ఉత్తరాంధ్రలో ఒక చిన్న సంస్థానం ఇంటి ఒక్కగానొక్క కూతురు. రాజ్యం పోయి తరాలు గడిచాయి. మిగిలింది వాళ్ల తాతగారు పెట్టిన ట్రస్టు, దాని కింద ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్. సివిల్స్ చదవడానికి మన ఊళ్ల నుంచి వచ్చే అమ్మాయిలకు అక్కడ మంచం, తిండి ఉచితం. ఆ చుట్టుపక్కల గదుల అద్దె ఒకసారి కట్టినవాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది. తండ్రి మంచాన పడ్డప్పటి నుంచి హాస్టల్ నడుపుతున్నది సుభద్రగారే.

ఆయన పోగానే, అప్పటికే కాలం చేసిన బాబాయి కొడుకు భాస్కర్ అడ్డం తిరిగాడు. గుర్‌గావ్‌లో పెరిగాడు, అక్కడే పెద్ద ఉద్యోగం. అమ్మాయిలను ఖాళీ చేయించి భవనాన్ని కోచింగ్ సెంటర్‌కి ఇచ్చేయాలని అతని ఆలోచన. ట్రస్టును ఎవరు ఎలా నడపాలో చెప్పే పత్రాన్ని ట్రస్ట్ డీడ్ అంటారు. తమ వంశాచారం ప్రకారం గద్దెకు వచ్చినవారే అధ్యక్షులని తాతగారు అందులో రాయించారు. భాస్కర్ పట్టుకున్నది ఆ వాక్యాన్నే.

ఆస్తి పంపకమైతే కూతురికీ సమాన వాటా అని తేలిగ్గా వాదించేదాన్ని. ఇక్కడ అడుగుతున్నది గద్దె. రాజుల ఇళ్లలో వారసత్వానికి ఇంటికో పద్ధతి. ఎక్కువచోట్ల పెద్దకొడుకుదే పట్టం, దాన్ని ప్రైమోజెనిచర్ అంటారు. కొడుకు లేకపోతే దత్తత, అదీ కాకపోతే తమ్ముడి కొడుకు. కూతురనే మనిషి ఒకతె ఆ ఇంట్లో పుట్టినట్టే ఎవరికీ గుర్తుండదు. పాత తీర్పులు చదువుతున్నకొద్దీ నాకు ఒళ్లు మండింది.

జడ్జిగారు మమ్మల్ని మీడియేషన్‌కి పంపారు. అంటే తీర్పుతో పని లేకుండా మధ్యవర్తి ముందు మాట్లాడుకుని తేల్చుకోవడం. మధ్యవర్తి ఒక రిటైర్డ్ జడ్జి, పంజాబీ పెద్దమనిషి. ఆయన ముందు భాస్కర్ ఫోన్ తీసి ఫొటో చూపించాడు.

"సార్, పెదనాన్నకి తలకొరివి పెట్టింది నేను. వారసుడు ఎవరో ఊరంతా చూసింది. అక్క శ్మశానానికే రాలేదు."

"రాలేదా, రానివ్వలేదా?" అన్నాను, గొంతు పెంచి.

సుభద్రగారు నా చేయి నొక్కి ఆపారు. "లాయరుగారూ, నన్ను అడగనివ్వండి," అని భాస్కర్ వైపు తిరిగారు. "తమ్ముడూ, తాతగారికి కొరివి పెట్టిందెవరు?"

"మా నాన్న."

"తాతగారి తర్వాత గద్దె ఎక్కిందెవరు?"

"పెదనాన్న."

"మా నాన్న ఆ రోజు శ్మశానానికి వెళ్లారా?"

భాస్కర్ తన లాయరు వైపు చూశాడు. ఆమె మధ్యవర్తికి చెప్పారు. "మా ఇంట్లో గద్దె ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదండీ. అందుకని గద్దెకు వచ్చేవారు శవం వెంట వెళ్లరు, ఇంట్లో దానిమీద కూర్చుంటారు. కొరివి ఇంకొకరు పెడతారు. మామూలు ఇళ్ల పద్ధతి చూసి వీడు పొరబడ్డాడు."

మళ్లీ తమ్ముడి వైపు తిరిగారు. "ఆ రోజు గుమ్మంలో నన్ను ఆపి, ఆడదానివి, ఇంట్లో కూర్చో అన్నారు. కూర్చున్నాను. నాన్న గద్దె మీదే కూర్చున్నాను. అమ్మ ఆయన తలపాగా తెచ్చి నా తలమీద పెట్టింది. మీరు తిరిగొచ్చేసరికి అక్కడే ఉన్నానా, లేదా?"

"ఉన్నావు. ఏడుస్తూ కూర్చున్నావనుకున్నాను."

"ఏడుస్తూనే కూర్చున్నాను. కూర్చోలేదని మాత్రం అనకు."

ఆచారం మగవాళ్లకే వర్తిస్తుందని భాస్కర్ లాయరు అందుకోబోయాడు. మధ్యవర్తి నవ్వేశారు. "అచ్ఛా, వకీల్ సాబ్! ఆచారంలో మీకు పనికొచ్చే సగమే పాటిస్తారా? ఆ ఫొటో మీరు తెచ్చిందే కదా!"

భాస్కర్, అతని లాయరు బయటికి వెళ్లి గుసగుసలాడుకుని, తిరిగొచ్చి సుభద్రగారే అధ్యక్షురాలని ఒప్పుకున్నారు. హాస్టల్ నిలబడింది. నాకు కుర్చీలోంచి లేచి ఈల వేయాలనిపించింది. ఒప్పందంలో ఇంకేమైనా చేర్చాలా అని మధ్యవర్తి అడిగారు.

"ఒక్క మాట రాయండి," అన్నారు సుభద్రగారు. "నా తర్వాత అధ్యక్షురాలు ఎవరన్నది ఈ హాస్టల్లో చదివి వెళ్లిన అమ్మాయిలు ఓటేసి తేల్చుకుంటారు. మా వంశంతో ఇక పని లేదు."

"ఇంత పోట్లాడి గెలిచింది వదులుకోవడానికా?" అన్నాను.

"లేవాలంటే ముందు కూర్చోవాలి కదండీ!"

భాస్కర్ పళ్లు కొరుకుతూ సంతకం పెట్టాడు. ఆ ఒప్పందాన్ని కోర్టు ఆమోదించింది.

అప్పటి నుంచి ఎవరైనా బల్ల గుద్ది "ఇది మా ఆచారం" అంటే నేను బెదరను. మొత్తం చెప్పమంటాను. సగంలో ఆపితే, ఆ మిగతా సగంలో ఎవరిని ఇంట్లో కూర్చోబెట్టారో అడుగుతాను.