ముల్లు విరిచిన గాలం

మా ఊళ్లో పుంజును కూర కోసం పెంచరు, పందెం కోసమూ పెంచరు. ఈకల కోసం పెంచుతారు. కురుయెన్యో నదిలో ట్రౌట్ చేపను పట్టాలంటే వానపాము ఎరగా పెట్టడం నామర్దా. గాలానికి పట్టుదారం చుట్టి, పుంజు వీపు మీది ఈక కట్టి, నీటి మీద వాలిన పురుగులా కనిపించేట్టు చెయ్యాలి. దాన్ని మేం ఈగ అనే అంటాం. ఆ ఈగలు కట్టడంలో బెనీల్దెను మించిన చెయ్యి ఈ లోయలో లేదు. నేను ఏళ్ల తరబడి బారు నడుపుతున్నవాణ్ణి. వచ్చిన ప్రతివాడూ తన ఈగే గొప్పదని నా ముక్కు కింద పెట్టి చూపించేవాడే. కాబట్టి ఈ విషయంలో నా మాట నమ్మొచ్చు.

బెనీల్దె పొట్టి మనిషి. నల్ల స్వెట్టరు, రబ్బరు బూట్లు, ఎప్పుడు చూసినా జుట్టులో ఒకటో రెండో ఈకలు. మొగుడు సెకుందీనో పోయాక పుంజులే ఆవిడ సంసారం. మనుషులతో పెద్దగా మాట్లాడదు గాని, పుంజుల్ని మాత్రం పేరుపేరునా తిడుతుంది. మంచి మనిషి అని నేను చెప్పను. మనసులో ఒకటి పెట్టుకుందంటే వదిలే రకం కాదు. ఎప్పుడో పాలల్లో నీళ్లు కలిపాడని, ఆ పాలవాడి కూతురు పెళ్లికి కూడా వెళ్లలేదు. నిజం చెప్పాలంటే నాకు ఆవిడలో నచ్చేది అదే.

పక్కింటి అమడోర్ ఒకప్పుడు సెకుందీనోతో కలిసి నదికి వెళ్లేవాడు. ఆయన పోయాక బెనీల్దె చేను దున్నిపెట్టేవాడు. బదులుగా ఆవిడ ఏటా చేపల సీజను ముందు ఒక రేకుడబ్బా నిండా ఈగలు కట్టి ఇచ్చేది. ఇంతవరకు ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. ఆ రోజుల్లో మా దగ్గర ఆడవాళ్లు గాలం పట్టుకుని నదిలోకి దిగేవాళ్లు కాదు.

అయితే సీజను మొదటి రోజున మాకో ఆచారం ఉంది. మధ్యాహ్నంలోగా అందరికంటే పెద్ద ట్రౌట్ తెచ్చినవాడి ఈగను మా బారు దూలానికి గుచ్చి, దాని కింద కాల్చిన ఇనుప కమ్మీతో వాడి పేరు రాస్తాం. ఆ దూలం మీద కొన్నేళ్లుగా వరసగా అమడోర్ పేరే. ఈగ ఎవరు కట్టారని అడిగితే "నేనే" అనేవాడు. ఈక ఎక్కడిదంటే "నా పుంజుదే" అనేవాడు. వాడికీ పుంజులున్నాయి గాని వాటి ఈకలు తలగడలో కుక్కడానికి కూడా పనికిరావు. ఊళ్లో సగంమందికి ఈ సంగతి తెలుసు, మిగతా సగానికి అనుమానం. కాని ట్రాక్టరు వాడొక్కడికే ఉంది. దుక్కి రోజుల్లో వాడితో పేచీ ఎవరికి కావాలి?

నేను చెప్పబోయే గొడవకు ముందటేడు, సీజను మొదటి రోజున మాద్రీద్ నుంచి కొందరు పెద్దమనుషులు వచ్చారు. అమడోర్ తెచ్చిన చేపనూ ఈగనూ చూసి ఒకటే మెచ్చుకోలు. బెనీల్దె అప్పుడే నాకు గుడ్లు ఇవ్వడానికి లోపలికి వచ్చింది. వాళ్లలో ఒకాయన మర్యాదకి, "ఈవిడ కూడా పుంజుల్ని పెంచుతారా?" అని అడిగాడు.

"ఈవిడా?" అన్నాడు అమడోర్, వైను గ్లాసు ఎత్తి పట్టుకుని. "మా కోళ్లగూడు ఊడుస్తుంది లెండి."

నవ్వులే నవ్వులు. బెనీల్దె గుడ్ల బుట్ట కౌంటరు మీద పెట్టి వెళ్లిపోయింది. వారం తిరక్కుండానే ఒక కుర్రపుంజును గంపలో పెట్టుకుని, బస్సెక్కి, కింద మైదానంలో ఉన్న చెల్లెలి ఇంట్లో వదిలేసి వచ్చింది. ఎందుకని అడిగితే గాలి మార్పు కోసమని చెప్పింది. పుంజుకు గాలి మార్పేమిటో నాకు బోధపడలేదు.

జనవరిలో చంద్రుడు తగ్గుముఖం పట్టాక ఈకలు పీకే పని మొదలవుతుంది. నేను గుడ్ల కోసం వెళ్లేసరికి బెనీల్దె వాకిట్లో పీట వేసుకుని, తన పెద్దపుంజు ఒబిస్పోను మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని ఉంది. ఒక్కో ఈక పీకినప్పుడల్లా, "ఇది అమడోర్ నాలిక, ఇది అమడోర్ మీసం," అంటోంది. పాపం ఆ పుంజు తనేం చేసిందో తెలియక కళ్లు తిప్పుతోంది.

ఆవిడ నన్ను లోపలికి పిలిచి రెండు కట్టలు చూపించింది. రెండూ గోధుమరంగు మీద బంగారపు చుక్కల ఈకలే. నాకు తేడా కనిపించలేదు.

"ఇది ఒబిస్పోది. ఇది దాని కొడుకుది, మా చెల్లెలి దగ్గర పెరిగినోడిది," అంది. తర్వాత ఒక్కో ఈకను నీళ్ల గ్లాసులో ముంచి కిటికీ వెలుతురుకు పెట్టింది. తండ్రి ఈక తడిసినా నిటారుగా నిలబడి మెరిసింది. కొడుకు ఈక తడి నూలుపోగులా వాలిపోయి బూడిదరంగుకు తిరిగింది.

మా పుంజుల్ని ఈ ఊరు దాటిస్తే ఈక చచ్చిపోతుందని చిన్నప్పట్నుంచీ వింటున్నాను. కారణం నీళ్లో, రాళ్లో, మాకెవరికీ తెలీదు. ఆ రోజే మొదటిసారి కళ్లారా చూశాను.

"ఈ చచ్చిన ఈకతో కట్టినవి ఈ ఏడు వాడికిస్తా," అంది బెనీల్దె.

"చేప పడకపోతే నీకేం ఒరుగుద్ది? నేనే చెప్తాలే అందరికీ, అయ్యన్నీ నువ్వు కట్టినవేనని."

"నువ్వు చెప్తే ఎవుడికి లెక్క? నేను చెప్తే ముండమోపి ఏడుపనుకుంటారు. వాడి నోటితో వాడే చెప్పాల. అందరి ముందూ చెప్పాల."

"ఎందుకు చెప్తాడు?"

"కోపమొస్తే వాడి నోరు వాడి మాట వినదు. నాకు తెలీదా?"

ఆ చలికాలమంతా ఆవిడ నదిలోనే ఉంది. సెకుందీనో రబ్బరు లాగు తొడుక్కుని, అది జారిపోకుండా నడుముకు తాడు కట్టుకుని, ఆయన గాలపుకర్ర పట్టుకుని వంతెన కింది మడుగులో నిలబడేది. ఒడ్డున మంచు గడ్డకట్టి ఉండేది. ఆవిడ మాత్రం దారం వెనక్కి విసిరి, ముందుకు విసిరి, చెట్టుకు తగులుకున్నప్పుడల్లా అమడోర్‌ను తిట్టుకుంటూ విడదీసుకునేది.

ఒకరోజు నేను వంతెన మీద రొట్టెల బండి కోసం చూస్తుండగా, నది కాపలాదారు ఎవుతీమియో అరుచుకుంటూ ఒడ్డుకు దిగాడు.

"అత్తా! ఇప్పుడు చేపలు పట్టకూడదని తెలీదా? జరిమానా రాయమంటావా?"

"గాలమేస్తే గదరా జరిమానా. గాలమెక్కడుంది?"

"కర్రుంది, దారముంది, దారానికి ఈగుంది. ఇంకేం కావాలి?"

"కళ్లు పెట్టుకుని చూడు."

ఎవుతీమియో ఆ ఈగను అరచేతిలో పెట్టుకుని తిప్పితిప్పి చూశాడు. గాలం వంపు దగ్గర పట్టకారుతో విరిచేసి ఉంది. ముల్లు లేదు.

"దీనికి చేప పడదు గదా?"

"పడదు."

"మరి ఈ చలిలో ఏం చేస్తన్నావ్?"

"నేర్చుకుంటన్నా."

"ఈ వయసులోనా?"

"నువ్వు ఈ ఉజ్జోగంలో చేరి ఎన్నాళ్లయింది? గాలమేదో కాదో ఇప్పటికీ నేర్చుకోలా. నీకన్నా నయం గదరా నేను."

వాడు చట్టంలో ఏముందో ఆలోచించుకుంటూ వెళ్లిపోయాడు. సరిగ్గా అప్పుడే ఒక ట్రౌట్ పైకి వచ్చి ఆ ఈగను నోట పట్టి, ముల్లు లేకపోవడంతో ఉమ్మేసి మునిగిపోయింది. బెనీల్దె పకపకా నవ్వింది. "మార్చిలో రావే. అప్పుడు చూసుకుందాం," అంది దానితో. ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఎందుకో గాని సంతోషంగానూ ఉంది.

మార్చి వచ్చింది. సీజను ముందు రోజు అమడోర్ తన రేకుడబ్బా తెచ్చి కౌంటరు మీద తెరిచాడు. మాద్రీద్ పెద్దమనుషులు మళ్లీ వచ్చారు. చుట్టూ చేరి ఆహా ఓహో అన్నారు. మా దగ్గర ఎవరైనా కొత్త ఈగను ముందు నీళ్లలో ముంచి చూడాల్సిందే, అది అలవాటు. నేను గ్లాసుతో నీళ్లు తెచ్చి వాడి ముందు పెట్టాను. తెలిసే పెట్టాను. ఒక అవకాశం ఇచ్చాననుకోండి.

"నా ఈగకు పరీక్షా?" అన్నాడు అమడోర్. గ్లాసు పక్కకు నెట్టేసి డబ్బా మూసేశాడు. నేను ఆ నీళ్లు పారబోసి వచ్చి, పొంగుకొచ్చిన నవ్వును మీసాల్లో దాచుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఊరంతా వంతెన మీద ఉంది. అమడోర్ ఒక ఒడ్డున దిగాడు. ఎదుటి ఒడ్డున బెనీల్దె దిగింది.

"అమ్మా, బట్టలుతికే రేవు కిందుంది!" అని ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు, అమడోర్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. వాడి ఈగ దగ్గరికి చేపలు వచ్చేవి, చూసేవి, తిరిగిపోయేవి. ఈగ మార్చాడు. దారం మార్చాడు. రాయి మీదనుంచి ఇంకో రాయి మీదకు మారాడు. బెనీల్దె చలికాలమంతా నిలబడిన చోటే నిలబడి, ముంజేతి పొడవు ట్రౌట్‌ను మెల్లగా ఒడ్డుకు తెచ్చుకుంది. కాసేపటికి ఇంకోటి పట్టింది. వంతెన మీద నవ్వినవాళ్లే చప్పట్లు కొట్టారు. అమడోర్ మెడ కిందినుంచి పైకి ఎర్రబడుతూ రావడం నాకు అంత దూరం నుంచీ కనిపించింది. నాకు చెప్పలేనంత ఆనందమేసింది. దాచుకోవడం దేనికి?

మధ్యాహ్నం బారు కిటకిటలాడింది. బెనీల్దె తడి ఆకుల్లో చుట్టిన చేపను కౌంటరు మీద పెట్టి, చేతులు తుడుచుకుంటోంది. అమడోర్ తలుపు తోసుకుని వచ్చి, రేకుడబ్బాను నా ముందు విసిరికొట్టాడు. ఈగలన్నీ చిందరవందరగా పడ్డాయి.

"మోసం! పచ్చి మోసం!"

"ఎవరు చేశారు?" అన్నాను.

"ఇంకెవరు? ఈ బెనీల్దె! కావాలనే పనికిమాలినయ్యి కట్టి అంటగట్టింది! ఏటేటా ఇచ్చేయి ఇట్టాంటివా? ఆ దూలం మీద నువ్వు గుచ్చినయ్యి ఇట్టాంటివా? చెప్పు!"

మాద్రీద్ పెద్దాయన గ్లాసు నోటిదాకా తెచ్చి అక్కడే ఆపేశాడు. అమడోర్ నోరు ఇంకా తెరిచే ఉంది. తనేమన్నాడో వాడికి కాస్త ఆలస్యంగా అర్థమైంది.

బెనీల్దె తువ్వాలు మడిచి పక్కన పెట్టింది.

"ఆ మూల పెలాయో తాత కూచున్నాడు. ఆయనకి చెవుడు, వినపడుండదు," అంది. "ఇంకోసారి చెప్పు అమడోరూ. ఆ దూలం మీద ఈగలన్నీ ఎవరు కట్టారు?"

అమడోర్ తలుపు వైపు చూశాడు. అక్కడ ఎవుతీమియో నిలబడి ఉన్నాడు. పక్కకు జరగలేదు.

"బెనీల్దె," అన్నాడు అమడోర్, నేల చూస్తూ.

"గట్టిగా," అంది బెనీల్దె.