కానుక వేళ పెద్దమ్మ వాయించినవి

మొన్న పొద్దున ఉట్నూరులో జీపు కోసం నిలబడి ఉండగా కరీంనగర్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పెద్దమ్మ ప్రభువు దగ్గరికి పోయింది. జల్ది రా. కీబోర్డు వాయించెటోళ్లు లేరని పాస్టరయ్య నిన్నే అడుగుతుండు," అన్నాడు.

సొంత పెద్దమ్మ కాదు, గోడ అవతలి పెద్దమ్మ. మా చర్చిలో ముందు హార్మోనియం, తర్వాత కీబోర్డు వాయించింది ఆమే. నాకు నేర్పిందీ ఆమే. దారంతా ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నానే గానీ ఒక్క పాటనూ చరణం దాకా పోనివ్వలేదు. ఒకటి మొదలుకాగానే ఇంకొకటి. నాకసలే ఓపిక తక్కువ, ఆ రోజు అదీ లేదు.

మా ఇంట్లో సినిమాలు నిషేధం. ఇంటర్‌లో దోస్తులు లాక్కుపోతే మొదటిసారి హాల్లో కూర్చున్నాను. తెర మీద హీరో ఇల్లు విడిచి వెళ్తున్నాడు, వెనక వయొలిన్లు మొదలయ్యాయి. నవ్వకండి, నేను తల వంచి, కళ్లు మూసుకుని, పర్సులో చిల్లర వెతుకుతున్నాను. పక్కనున్న దోస్తు మోచేత్తో పొడిచింది.

"టికెట్ కొన్నం గదనే, ఇంకెవలికిస్తవ్?"

అప్పుడు తెలిసింది. ఆదివారం కానుక సంచి వరసల్లో తిరుగుతున్నప్పుడు పెద్దమ్మ వాయించేది ఇదే. కాస్త నిదానంగా, అంతే.

ఇంటికి రాగానే గోడ దగ్గర నిలదీశాను. పెద్దమ్మ బియ్యం చెరుగుతోంది. చాట ఆపలేదు.

"జర మెల్లగ మాట్లాడు. నా దోస్తు టైలర్ ఉన్నది గదా, సినిమాకు పోయొచ్చి నాకు కూనిరాగం తీసి వినిపిస్తది. నేను ఏనాడన్న హాల్ల అడుగు పెట్టిన్నా?" అంది. చాటలో పొట్టు ఊదేసి, "మాటలుంటే దొరికిపోతం బిడ్డా. మాటల్లేనిదైతే దేవుడు గూడ తీసుకుంటడు," అంది.

ఆ రోజు నుంచి నేనూ ఆమెకు సంగీతం మోయడం మొదలుపెట్టాను. కొత్త సినిమా చూడగానే ఫోన్ పట్టుకుని గోడ దగ్గరికి పరుగు. "పాట నాకెందుకే, పాటకు ముంగట వచ్చేది తే," అనేది. కుదురన్నది ఎరగని మనిషి. సగం వినేసరికే "ఇంకేమున్నది?" అనేది. అన్నం తింటున్నా ఎడమచేతి వేళ్లు పీట అంచు మీద ఆడుతుండేవి. భాష తెలియని సినిమాల సంగీతం కూడా ఇవాళ వెతుక్కుని వింటున్నానంటే ఆ "ఇంకేమున్నది" వల్లే. నన్ను స్థిమితంగా కూర్చోనివ్వనందుకు ఆమెకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

పోయిన నెల దవాఖానలో ఒక కొత్త సినిమా ముక్క వినిపించాను. దుప్పటి మీద వేళ్లు కదిలాయి. ఎన్నడూ లేనిది, "మళ్ల పెట్టు," అంది. "లేసినంక ఆదివారం వాయిస్త."

మళ్లీ లేవలేదు.

చర్చిలో కీర్తనలయ్యాయి. చివరిచూపుకు జనం వరస కట్టారు. ఏదైనా మెల్లగా వాయించమని పాస్టరయ్య సైగ చేశారు. నాకు ఆ ముక్కే వాయించాలని ఉంది. కానీ ఆ సినిమా ఇంకా ఆడుతోంది, చూసినవాళ్లు అక్కడే ఉంటారు. ఇన్నేళ్లు దాచుకున్నది ఆమె శవపేటిక ముందే, నా చేతుల మీదుగా బయటపడితే? చెయ్యి ముందుకు పెట్టి వెనక్కి తీసుకున్నాను. ఆదివారం వాయిస్తానంది కదా, ఇంక ఆమెకు ఆదివారమెక్కడిది?

వాయించాను, ఆమెలాగే నిదానంగా. వెనక వరసలో ఒక పిల్ల చటుక్కున తలెత్తి నన్నే చూసింది. కాసేపు చూసి, ఆ పిల్ల మళ్లీ తల దించుకుంది.

వరసలో ఉన్న ముసలవ్వ ఒకామె కొంగుముడి విప్పింది. పది రూపాయల నోటు తీసి, కానుక సంచి కోసం అటూ ఇటూ చూసింది. సంచి ఎక్కడా కనిపించలేదు. మెల్లగా పేటిక దగ్గరికొచ్చి ఆ నోటును పెద్దమ్మ వేళ్ల కింద పెట్టింది. ఆ వేళ్లు కదలకుండా ఉండగా చూడటం నాకదే మొదలు.