దీపావళి ముందు వచ్చిన సైకిలు పెట్టె

ఆ రోజుల్లో (మరీ తాతల కాలం అనుకునేరు, మాస్కులు జేబుల్లోంచి బీరువాల్లోకి చేరిన కొత్తలో) నాకు ఇరవై నాలుగేళ్లు, నోయిడాలో మొదటి ఉద్యోగం, చేతిలో ఒక ఫోను, ఆ ఫోనులో 'ఇప్పుడు తీసుకో, తర్వాత కట్టు' అని పిలిచే మీట ఒకటి ఉండేవి. ఆ మీట కనిపెట్టినవాడెవడో నా మనసులోకి దూరి చూసి వెళ్లినవాడే అయి ఉండాలి. జీతం వచ్చాక కొనుక్కోవడం మా నాన్నగారి పద్ధతి, కొనేసి జీతం కోసం ఎదురుచూడటం నా పద్ధతి. అప్పు అనేది మా ఇంట్లో తలుపు దగ్గరగా వేసి మాట్లాడే మాట. దీన్ని అప్పు అనరు కదా, ప్లాన్ అంటారు. అందుకని నాకు దమ్మిడీ అప్పు లేదని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగేవాణ్ణి. ఆ ఒక్క ఏడాదిలో ఉకులేలే అనే బుల్లి గిటారు నేర్చుకోబోయాను (రెండు పాటల దాకా వచ్చింది, రెండూ ఒకేలా వినిపించేవి), నీటిరంగులతో బొమ్మలు వేయబోయాను, రీలు వేసి తీసే పాత కెమెరా ఒకటి తెప్పించి ఆ రీలు కడిగేవాడు ఢిల్లీలో ఎక్కడున్నాడో వెతుకుతూ ఉండిపోయాను. సరదా అనేది మొదటి వాయిదాతోనే తీరిపోయేది. మిగతా వాయిదాలు మాత్రం మహా క్రమశిక్షణ గలవి, చెప్పిన తేదీకి చెప్పినట్టు వచ్చేవి.

నేనుండేది ఢిల్లీలో సాకేత్ పక్కన ప్రభుత్వ క్వార్టర్స్‌లో, మా బాబాయి ఇంట్లో. బాబాయి కేంద్ర ప్రభుత్వంలో భవనాల మరమ్మతుల టెండర్లు చూసే సీటులో ఉండేవాడు. మా చుట్టాలంతా ఆయన్ని చాటుగా 'అనుమానం బాబాయి' అనేవారు. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడనీ, నవ్వకపోతే ఎక్కువ కలిపాడనీ తేల్చేవాడు. కూరలబండి భయ్యా కొత్తిమీర ఊరికే ఇస్తే, 'ఎందుకిచ్చాడు?' అని పిన్నిని నిలదీసి, తక్కెడ చూడమని మళ్లీ కిందికి పంపేవాడు. నాకు నవ్వొచ్చేది గానీ, ఆ సీటులో ముప్పై ఏళ్లు మచ్చ లేకుండా కూర్చోవాలంటే మనిషి అలాగే తయారవుతాడేమో. దీపావళి వచ్చిందంటే ఆయన అనుమానానికి పండగే. ఢిల్లీలో దీపావళికి ముందు రెండు వారాలు ఆఫీసర్ల ఇళ్లకి డ్రై ఫ్రూట్ డబ్బాలు, వెండి గిన్నెలు, ఏవేవో పెట్టెలు ప్రవాహంలా వస్తాయి. పంపినవాడు అప్పుడేమీ అడగడు. అడగాల్సింది తర్వాత అడుగుతాడు. బాబాయి ఆ రెండు వారాలూ గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతి డబ్బానీ వచ్చిన మెట్ల మీదుగానే దింపించేవాడు. ఆ ఏడాది మరీ జాగ్రత్తగా ఉన్నాడు. ఆయన ప్రమోషన్ ఫైలు విజిలెన్స్ వాళ్ల బల్ల మీద ఉంది. వాళ్లు 'ఈయన మీద ఏ మరకా లేదు' అని రాస్తే చాలు, రెండేళ్లలో రిటైరయ్యే మనిషి ఒక మెట్టు పైనుంచి దిగుతాడు.

సరిగ్గా అదే పండగ ముందు నాకు సైకిలు పిచ్చి పట్టింది. మా ఆఫీసులో వైశాలి కాలనీ నుంచి వచ్చే ఒక పంజాబీ మిత్రుడు ఆదివారాలు తెల్లారగానే గుంపుతో ఇండియా గేట్ దాకా తొక్కుకుంటూ వెళ్లేవాడు. సోమవారం నాడు అతని మొహంలో ఏదో తేజస్సు కనిపించేది (అది ఎండకి కమిలిన ఎరుపని తర్వాత తెలిసింది). పండగ సేల్‌లో ఇరవై ఒక్క గేర్ల సైకిలు ముప్పై ఎనిమిది వేలు. నా దగ్గర అందులో పదో వంతు కూడా లేదు. మీట నొక్కాను. చిరునామాలో బాబాయి పేరు రాశాను. అంతకుముందు నా పేరు రాస్తే కింద గేటు దగ్గర గార్డు అలాంటివాళ్లు ఎవరూ లేరని రెండుసార్లు తిప్పి పంపేశాడు. ఇంటి ముందు పలక మీద ఉన్న పేరైతే గొడవుండదని నా తెలివి. వస్తువులు వచ్చే వేళకి నేనే గేటు దగ్గర కాపు కాసి తీసుకునేవాణ్ణి. సోమవారం రావలసిన సైకిలు శనివారం మధ్యాహ్నమే వచ్చేస్తుందని నేను కలగన్నానా? ఆ సమయానికి నేను సాకేత్ మాల్‌లో దానికి జోడైన హెల్మెట్ కొంటున్నాను, అదీ మీట నొక్కే.

సాయంత్రం అయిదింటికి ఇంటికొచ్చేసరికి మెట్ల మలుపులో తలుపంత పెట్టె ఒకటి గోడకి ఆనించి ఉంది. దాని పక్కన బాబాయి, ఎదురింటి అంకుల్ నిలబడి ఉన్నారు. ఎదురింటి అంకుల్ పోలీసు శాఖలో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. జరిగింది పిన్ని చెప్పింది. తెచ్చినవాణ్ణి బాబాయి ఎంత ఇవ్వాలని అడిగితే, 'కుఛ్ నహీ దేనా అంకుల్, సబ్ హో గయా' (ఏమీ ఇవ్వక్కర్లేదు, అంతా అయిపోయింది) అన్నాడట. ఎవరు పంపారని అడిగితే, 'కంపెనీ సే' (కంపెనీ నుంచి) అన్నాడట. పెట్టె దించేసి వెళ్లిపోయాడట. మూడు ముక్కల్లో బాబాయికి మూడు రుజువులు దొరికాయి. దానికి తోడు పది రోజుల క్రితం ఆఫీసులో, డాక్టరు తనని రోజూ సైకిలు తొక్కమన్నాడని ఆయన ఎవరితోనో అన్నాడు. అప్పుడు గదిలో ఒక కాంట్రాక్టర్ ఉన్నాడు. ఎప్పుడూ చిరునవ్వుతో ఉంటాడని బాబాయికి మొదటినుంచీ ఆయన మీద గురి లేదు. లోపల నగదు కూడా పెట్టి ఉంటాడేమోనని, అంకుల్ సాక్షిగా పెట్టె కోసి చూశారు. నగదు లేదు, నిగనిగలాడుతూ నా సైకిలు ఉంది. అంకుల్ ఉద్యోగం తిరిగి వచ్చినంత ఉత్సాహంగా పంచనామా రాసి, చక్రాలు రెండని కూడా అందులో నమోదు చేసి, సంతకం పెట్టాడు. నేను హెల్మెట్ సంచీ వీపు వెనక పట్టుకుని, 'అయ్యో, ఎవరై ఉంటారు బాబాయ్?' అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

రాత్రి భోజనాల దగ్గర బాబాయి అన్నం కెలికి లేచిపోయాడు. సోమవారం పొద్దున్నే విజిలెన్స్‌కి ఉత్తరం ఇస్తాననీ, అందులో ఆ కాంట్రాక్టర్ పేరు రాస్తాననీ పిన్నితో అన్నాడు. ఆ పేరు పడితే ఆ మనిషికి ఇక ఏ ప్రభుత్వ పనీ రాదు. నలభై మంది కూలీలని పెట్టుకున్న మనిషట. మా చెల్లి (బాబాయి కూతురు, పన్నెండో తరగతి, తెలుగు అర్థమవుతుంది గానీ నోటి నుంచి హిందీయే వస్తుంది) కంచం తీస్తూ నా చెవి దగ్గర మెల్లగా, 'భయ్యా, వో హెల్మెట్ కిస్ చీజ్ కా హై?' (ఆ హెల్మెట్ దేనిది?) అంది. నేను మంచినీళ్ల గ్లాసు అందుకుంటే, 'పాపా కో బతా దో' (నాన్నకి చెప్పెయ్) అంది, ఈసారి కొంచెం జాలిగా.

ఆదివారం పొద్దున బాబాయి బాల్కనీలో కూర్చుని ఉత్తరం రాస్తున్నాడు. నాలుగుసార్లు కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్లి నాలుగుసార్లు తిరిగొచ్చాను. అయిదోసారి నోరు పెగిలింది.

"బాబాయ్, ఆ సైకిలు నాది. నేనే కొన్నాను."

ఆయన తల ఎత్తలేదు. "ఎంత?"

"ముప్పై ఎనిమిది వేలు."

"ఎప్పుడు కట్టావు?"

"ఇంకా కట్టలేదు."

కలం ఆగింది. "కొన్నానంటావు. కట్టలేదంటావు. వస్తువు మాత్రం ఇంటికొచ్చి కూర్చుంది. నేను ముప్పై ఏళ్లుగా వద్దు వద్దంటున్నది దీన్నేరా."

ఫోను తీసి ఆర్డరు చూపించాను. ఆర్డరు ఎవడైనా పెడతాడు, డబ్బు ఎవడిచ్చాడన్నదే ప్రశ్న అన్నాడు. ఒక కంపెనీ ఇచ్చిందన్నాను. ఆ కంపెనీకి నువ్వేమవుతావన్నాడు. ఏమీ కానన్నాను. వడ్డీ ఎంతన్నాడు. చెప్పిన తేదీకి కడితే వడ్డీ లేదన్నాను. అది చెబితే మెత్తబడతాడనుకున్నాను, నా ఖర్మ.

"వడ్డీ కూడా వద్దన్నాడా?" అంటూ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే వాడికి నీతో ఏదో పని ఉంది. నీతో ఎవడికేం పని ఉంటుందిరా, నేను నీ బాబాయిని కాబట్టి తప్ప? నిజం చెప్పు. ఆ కాంట్రాక్టర్ నిన్నెప్పుడు కలిశాడు?"

నాకు ఏడుపొచ్చింది. ఇరవై నాలుగేళ్ల వాణ్ణి, గడ్డం ఉన్నవాణ్ణి, బాల్కనీలో నిలబడి నిజంగా ఏడ్చాను. ఏం లాభం? నేను దొంగని కానని రుజువు చెయ్యాలంటే డబ్బు కట్టిన కాగితం కావాలి. కట్టక్కర్లేదనే కదా నేను కొన్నది. ఇలాంటి చిక్కు శత్రువుకి కూడా రాకూడదు. బాబాయి నా ఫోను తీసుకుని, నేను చదవకుండా ఒప్పుకున్న షరతులన్నీ మొదటినుంచి చివరిదాకా గంటంబావు చదివాడు. ఆ షరతుల్ని రాసినవాడు కూడా అంత శ్రద్ధగా చదివి ఉండడు. ఒక్కరోజు ఆలస్యమైతే ఎంత గుంజుతారో, నా ఫోనులో ఉన్న పేర్లన్నీ చూసుకోవడానికి వాళ్లకి నేనే ఎలా అనుమతి ఇచ్చానో అడుగునుంచి తవ్వి తీశాడు. ఆ పేర్లలో తన పేరూ ఉందని చూసుకుని మొహం మరింత మాడ్చుకున్నాడు. ఉకులేలే, రంగులు, కెమెరా కూడా అక్కడే బయటపడ్డాయి. హెల్మెట్ నేనే తెచ్చి ఒప్పజెప్పాను. చివరికి తీర్పు చెప్పాడు. ఇవాళే సైకిలు డబ్బు మొత్తం కట్టాలి, నా ఖాతాలోంచి కట్టినట్టు రసీదు చూపించాలి. లేకపోతే రేపు ఉత్తరం వెళుతుంది, అందులో నా పేరు కూడా ఉంటుంది. ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

నా ఖాతాలో రెండు వేల నూట చిల్లర ఉంది. అమ్మకి ఫోన్ చేద్దామా అంటే అక్కడ నాన్నగారు ఎత్తుతారు. నన్ను కాపాడింది పిన్ని. గాజుల కోసం రెండేళ్లుగా వేసిన చీటీ డబ్బు ఆ నెలే చేతికొచ్చింది. నెలకి మూడు వేలు కట్టాలి, నూటికి రూపాయి వడ్డీ అంది. ఇంట్లో పిల్లాడి దగ్గర వడ్డీ ఏవిటే అని బాబాయి గదిలోంచి అంటే, పిన్ని తొణక్కుండా, "వడ్డీ లేకుండా ఇస్తే నన్నూ అనుమానిస్తారు కదండీ" అంది. మధ్యాహ్నం రెండింటికి డబ్బు కట్టాను. రసీదు అచ్చు తీయించి తెచ్చాను. బాబాయి దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు, నంబర్లు ఫోనుతో పోల్చాడు, ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేశాడు. ఎదురింటి అంకుల్‌కి పంచనామా వృథా అయిందన్న దిగులు పండగ దాకా పోలేదు. రసీదు తెచ్చిన మర్నాడే చిరునవ్వు కాంట్రాక్టర్ జీడిపప్పు డబ్బాతో వచ్చి, ఎప్పటిలాగే డబ్బాతో సహా నవ్వుతూ తిరిగి వెళ్లిపోయాడు. తను ఎంత అంచు దాకా వెళ్లి వచ్చాడో పాపం ఆయనకి తెలియదు.

ప్రమోషన్ ఆ చలికాలం వెళ్లకముందే వచ్చింది. ఆ కబురు తెలిసిన సాయంత్రం నేను మెట్ల మలుపులో సైకిలు తుడుస్తుంటే బాబాయి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత పెడల్‌ని చేత్తో తిప్పుతూ అన్నాడు.

"ఆ రోజు నువ్వు రాకముందు, ఎదురింటాయన్ని పిలవకముందు, ఓ గంట ఈ పెట్టె పక్కనే కూర్చున్నానురా. పైన దీని బొమ్మ ఉంది కదా. చూసి ముచ్చటేసింది. డబ్బులడగలేదు, బయటివాళ్లెవరూ చూడలేదు, లోపల పెట్టేసుకుంటే ఏమవుతుందని అనుకున్నాను. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ అలా అనుకోలేదు. అప్పుడు భయమేసింది. ఆ భయంలోనే ఉత్తరంలో ఆ కాంట్రాక్టర్ పేరు రాశాను."

ఇన్నాళ్లూ లోకాన్ని అనుమానిస్తున్నాడనుకున్న మనిషి కాపలా కాస్తున్నది తననే అని నాకు అప్పటిదాకా తట్టలేదు. తొక్కి చూడు బాబాయ్ అన్నాను. వద్దులే అని లేచి లోపలికి వెళ్లిపోయాడు.

పిన్ని బాకీ తీరడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ సైకిలు మీద ఇండియా గేట్ దాకా వెళ్లింది పదకొండు సార్లు (లెక్క నాది కాదు, పిన్నిది). ఇప్పుడు నాకూ కళ్లజోడు వచ్చింది, నాకూ షరతులు చదివే అలవాటు వచ్చింది, మా ఆవిడ చాటుగా నన్నేమంటుందో ఊహించగలను. ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, వాడంటే నాకు ముద్దే. కాకపోతే ఒక్క విషయంలో వాడిమీద జాలి కలుగుతుంది. ఒక్క పెట్టె చూసి బాబాయికి భయమేసింది. వాడికి నాలుగు పెట్టెలు వచ్చినా ఒక్కదానికీ భయం వెయ్యలేదు.