నిండుగా ఉంచిన సెల్లులు

నాన్న బిలాస్‌పూర్ రైల్వేలో ట్రైన్ లైటింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. బోగీల కింద వేలాడే సీసపు బ్యాటరీలను చార్జింగుకు పెట్టడం తన డ్యూటీ. ఇప్పుడు వేళ్ళు వణుకుతాయి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. సీసం వల్లేనని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు, నేను మాత్రం ఏనాడో తేల్చుకున్నాను. సీసం లేని బ్యాటరీ మీద పరిశోధనకు దిగింది ఆ కోపంతోనే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా చుట్టాలంతా అంటారు.

నా పని ర్యాడికల్స్ మీద. అణువుల్లో ఎలక్ట్రాన్లు జంటలుగా ఉంటాయి. జంట లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువును ర్యాడికల్ అంటారు. మామూలుగా అది దొరికినదాన్నల్లా పట్టుకుని క్షణంలో మాయమైపోతుంది. కొన్ని మాత్రం నిలకడగా ఏళ్ళ తరబడి ఉంటాయి. ఇది విని అమ్మ, ‘జంట లేకుండా నిలకడగా ఉండేది నువ్వొక్కదానివే అనుకున్నాను’ అంది. అలాంటి ర్యాడికల్స్‌ను గొలుసుగా కట్టి బ్యాటరీలో పెడతాం. చార్జ్ చేసేటప్పుడు ఆ ఒంటరి ఎలక్ట్రాన్‌ను లాగేస్తాం, వాడుకునేటప్పుడు తిరిగి ఇస్తాం. చిక్కంతా ఎలక్ట్రాన్ పోయాకే. అప్పుడా పదార్థం నెమ్మదిగా లోపలి ద్రవంలో కరిగిపోతుంది. అంటే మా సెల్లు ఖాళీగా ఉన్నంత కాలం క్షేమం, నిండుగా ఉంటేనే గండం.

ఫెలోషిప్ అయిపోయింది. లాబ్‌లో నా బల్ల వేరేవాళ్ళకిచ్చారు. చివరిసారి చేసిన బటన్ సెల్లులు కొన్ని మిగిలాయి. నెల రోజులు ఖాళీగా పక్కన పెట్టి, తర్వాత నింపి చూస్తే మొదటి రోజులాగే పనిచెయ్యాలి. అది చూపిస్తే థీసిస్ నిలబడుతుందని మా గైడ్ అన్నారు. పదార్థం ఇంక చిటికెడు కూడా లేదు. వాటిని ఇంటికి తెచ్చి డబ్బాలో పెట్టాను. పలాసలో పెద్దమ్మకు ఒంట్లో బాగాలేదని కబురొస్తే అమ్మా నేనూ బయల్దేరాం. వెళ్తూ వెళ్తూ, డబ్బా పదిలంగా చూడమని నాన్నకు చెప్పాను.

నాన్న పదిలంగానే చూశాడు. రైల్వే షెడ్డులో తను నేర్చుకున్న మొదటి పాఠం, సెల్లును ఖాళీగా పడుండనియ్యకూడదని. సీసపు బ్యాటరీ ఖాళీగా పడుంటే చచ్చిపోతుంది, నిజమే. మేం వెళ్ళిన మర్నాడే మీటరు పెట్టి చూసి, పాత చార్జరుకు వైర్లు కట్టి, ఆ వణికే వేళ్ళతోనే ఒక్కొక్క సెల్లునూ నింపాడు. తగ్గినప్పుడల్లా మళ్ళీ నింపాడు. ఎన్ని వోల్టుల వరకు ఎక్కించాలో ఎప్పుడో భోజనాల దగ్గర నేనే చెప్పానట.

మూడు వారాలకు మేం తిరిగొచ్చేసరికి డబ్బా ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు.

“ఏటమ్మా, అన్నీ ఖాళీగా ఒగ్గేసి ఎల్లిపోనావు. ఒక్కదాన్నీ సావనివ్వనేదు.”

అరవబోయి, డబ్బా అందుకుని లోపలికి వెళ్ళాను. మర్నాడు లాబ్‌లో బతిమాలి కొలిపించుకున్నాను. ఒక్కటీ నిలవలేదు. ఒక సెల్లు విప్పి చూస్తే లోపలి తెల్ల పొర నిండా నారింజ రంగు దిగి ఉంది. అది నా పదార్థమే. ఉన్నదేదో రాసేసి ముగించమన్నారు గైడ్. ఇన్నేళ్ళ పని మీద ఇంక ఎవరికీ ఆశ లేదు, నాకూ లేదు.

ఇంటికొచ్చాక నాన్న నా ముఖం చూసి అడిగాడు, పాడైపోయాయా అని. అబద్ధం చెప్పగలిగితే చెప్పేదాన్ని. ఇవి ఖాళీగా ఉంటేనే బతుకుతాయని, మళ్ళీ చెయ్యడానికి ఏమీ మిగల్లేదని చెప్పాను. చేతులు చూసుకున్నాడు. తర్వాత “అచ్ఛా” అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి వారం కరెంటు పోయింది, ఇన్వర్టర్ పలకలేదు. రిటైరయ్యాక కూడా వీధిలో ఎవరి బ్యాటరీ మొరాయించినా నాన్నే వెళ్ళేవాడు. అమ్మ పిలిచింది. నాన్న కుర్చీలోంచి లేవలేదు.

“నువ్వే సూడమ్మా,” అన్నాడు నాతో. “బ్యాటరీల గురించి నాకేటీ తెల్దు.”