ఆళ్లగడ్డ గది

పోయిన వారం మా అపార్ట్‌మెంట్‌లో బోరు మోటారు కాలిపోయింది. నీళ్లు రాని బాధలో మిగతా ఇళ్లవాళ్లు చాలా ఏళ్ల తర్వాత ఒకరినొకరు పలకరించుకుంటుంటే, నేను మాత్రం కిందికి దిగి, విప్పి పెట్టిన ఆ మోటారు పక్కన అవసరానికి మించి నిలబడ్డాను. కాలిన రాగితీగా, దాని మీది వార్నిషూ కలిసి ఒక వాసన వస్తుంది. తియ్యగా ఉంటుందంటే ఎవరూ నమ్మరు. వాచ్‌మన్ కూడా నమ్మలేదు. ఆ వాసన తగిలితే చాలు, నాకు నంద్యాల మధ్యాహ్నం ఒకటి కళ్లముందు పరుచుకుంటుంది. సగం దించిన షట్టరు, దాని కిందనుంచి నేలమీదికి పాకే ఎండ, పన్నెండు కంప్యూటర్ల హోరు, ఆ హోరు మధ్యలో కళ్లు మూసుకుని కూర్చున్న మద్దిలేటి అన్న. కొత్తవాళ్లు ఆయన నిద్రపోతున్నాడనుకునేవాళ్లు. పనిచేస్తున్నాడని మాకు తెలుసు. కొన్నిసార్లు నిజంగానే నిద్రపోయేవాడు. ఆ తేడా కనిపెట్టడం నాకు చివరిదాకా చేతకాలేదు.

మద్దిలేటి అన్నది సంజీవనగర్‌లో మోటార్ల వైండింగ్ షాపు. ఇంటర్ దాకా చదివి, పదిహేనేళ్లు రాగితీగ చుట్టి, పత్రికలతో పాటు ఉచితంగా వచ్చే సీడీలతో లినక్స్ నేర్చుకుని, షాపు ముందు భాగంలో నెట్ సెంటర్ పెట్టాడు. వెనక గదిలో వైండింగ్ మానలేదు. అందుకే మా సెంటర్లో ఇంటర్నెట్‌కు కూడా వార్నిష్ వాసన ఉండేది. "మోటారులో కరెంటు యాడ పోతాందో కంటికి కనపడదు. దీంట్లోనూ అంతే. రెండూ ఒకటే పని" అనేవాడు. రెండు వేల దశకం చివర్లో నేను ఆయన దగ్గర పనికి చేరాను. డిగ్రీ అయిపోయి ఏడాది దాటింది. ఆళ్లగడ్డలో మా ఇంట్లో నన్ను చూసి చూసి అందరికీ అలవాటైపోయింది, అది మంచి లక్షణం కాదు.

"ఏం చదివినావప్పా?" అని అడిగాడు మొదటిరోజు.

"బీయస్సీ కంప్యూటర్స్ అన్నా."

"కంప్యూటర్ ఎప్పుడన్నా ముట్టినావా?"

"రెండుసార్లు అన్నా. ప్రాక్టికల్ పరీక్షలప్పుడు."

ఆయన చేతిలోని తీగ చుట్ట పక్కన పెట్టాడు. "సరే, రేపట్నుంచి రా" అన్నాడు. అంతే ఇంటర్వ్యూ. తర్వాత నేను చూసిన ఇంటర్వ్యూలన్నీ ఇంతకంటే పొడుగ్గా, ఇంతకంటే తక్కువ విషయంతో జరిగాయి.

సెంటర్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది హాల్ టికెట్ల కోసం వచ్చి ఆటల కోసం ఉండిపోయేవాళ్లు. తుపాకుల ఆట, కార్ల ఆట, ఇంకా రెండు మూడు. అందరూ కలిసి ఆడాలంటే ఆటను నడిపించే సర్వర్ ఒకటి వేరుగా ఉండాలి. మొదట్లో అన్ని ఆటల సర్వర్లూ వెనక గదిలోని ఒకే మిషన్ మీద కలిసి నడిచేవి. కార్ల ఆట తిక్కతిక్కగా చేస్తే తుపాకుల ఆట చచ్చేది. అందుకని మద్దిలేటి అన్న ఆ మిషన్ లోపల కంటైనర్లు కట్టాడు. అంటే ఒకే మిషన్‌ను గదులుగా విడగొట్టడం. ఏ గదిలో ఉన్న ఆట ఆ గదినే లోకమనుకుంటుంది. పక్క గది ఉందని దానికి తెలియదు. ఆయన వాటిని గదులనే పిలిచేవాడు. కార్ల గది, నంద్యాల గది. ఆళ్లగడ్డలో ఆయన స్నేహితుడు బాషా అన్న పెట్టిన సెంటర్‌కు బ్రాడ్‌బ్యాండ్ మీద ఆట అందించే గది పేరు ఆళ్లగడ్డ గది. రోజూ ఉదయం ఆళ్లగడ్డలో బస్సెక్కి నలభై కిలోమీటర్లు వచ్చి నేను మళ్లీ ఆళ్లగడ్డనే చూసుకునేవాణ్ణి.

ఏది చెడినా ఆయన ముందు చేయి పెట్టేవాడు కాదు. మనల్ని కూర్చోబెట్టి కళ్లు మూసుకోమనేవాడు. మొదటిసారి అది కార్ల గది విషయంలో జరిగింది. సర్వర్ బాగానే నడుస్తోంది, తప్పులేమీ చూపించడం లేదు, కానీ ఆడేవాళ్లు ఒక్కరూ లోపలికి రాలేకపోతున్నారు.

"కండ్లు మూసుకో. నువ్వు కార్ల గదిలో ఉండావు. ఎవురన్నా నీ అడ్రసు అడిగితే ఏం చెప్తావు?"

నేను కళ్లు మూసుకున్నాను. ఫ్యాను తిరుగుతోంది. బయట సోడా బండి గాజు గోలీల చప్పుడు. ఆ గదిలో ఉండటం మొదట్లో సిగ్గుగా ఉండింది, తర్వాత చల్లగా ఉండింది. కిటికీలు లేని చిన్న గది, తలుపు మీద ఒక అంకె. ఆ అంకె చదివాను.

"ఆ అడ్రసు ఊర్లో ఎవురికన్నా తెలుసునా?"

తెలియదు. అది మిషన్ లోపల మాత్రమే చెల్లే అడ్రసు. లోపలున్న ఆట అమాయకంగా తన గది నంబరునే ఊరంతా చాటుతోంది. ఇంటి నంబరు చెప్పకుండా "పడమటింట్లో ఉన్నాను, రండి" అన్నట్టు. బయటి అడ్రసు దానికి నేర్పగానే పది నిమిషాల్లో కార్లు గుద్దుకోవడం మొదలైంది. "చదువుకున్నోడివి, బాగానే నిద్రపోతాండావు" అన్నాడు మద్దిలేటి అన్న. అది మెచ్చుకోలు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద సైజువి ఉండేవి కావు.

అసలు విషయం ఆ వేసవి చివర మొదలైంది. ఆళ్లగడ్డ గది చావడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం కాలేజీ పిల్లలు చేరి, ఆడేవాళ్లు పదిమంది దాటగానే ఆట ఉన్నట్టుండి ఆగిపోయేది. అందరూ ఒక్కసారిగా బయటపడేవాళ్లు. నేను మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. గంటకు మళ్లీ పోయేది. పక్కనే నంద్యాల గది పన్నెండు మందితో నిక్షేపంగా నడిచేది. పది రోజులు ఇట్లా గడిచేసరికి, చాగలమర్రి నుంచి ఆళ్లగడ్డకు ఆడటానికి వచ్చే పిల్లలు ఇంకో టికెట్ కొనుక్కుని నేరుగా నంద్యాలకే రావడం మొదలుపెట్టారు.

బాషా అన్న క్యాసెట్ల షాపు మూసేసి సెంటర్ పెట్టింది మద్దిలేటి అన్న మాట మీదే. ఇద్దరిదీ ఇరవై ఏళ్ల స్నేహం. ఆయన సెంటర్‌ను ఆనుకుని శిల్పులు రాళ్లు చెక్కే షెడ్లుండేవి. ఆయన ఫోన్ చేస్తే ముందు ఉలి చప్పుడు వినిపించేది, తర్వాత ఆయన గొంతు. ఆరోజు మద్దిలేటి అన్న ఫోను స్పీకర్‌లో పెట్టాడు.

"మా గిరాకి నువ్వు లాక్కుంటాండావని పిల్లోళ్లు అంటాండారు మద్దిలేటీ. నేను అనడంలే."

"నువ్వు అనడంలే. వింటాండావు."

"వినకుండా ఉండనీకి చెవులకు షట్టర్లు లేవు గద" అన్నాడు బాషా అన్న. "ఇంకో వారం సూస్తా. మళ్లా ఇట్లే ఉంటే పాత యాపారమే నయం." ఫోన్ పెట్టేశాడు.

మద్దిలేటి అన్న ఆరోజు వైండింగ్ ముట్టుకోలేదు. మధ్యాహ్నం గది చచ్చింది. నేను అలవాటుగా చేయి చాపితే మణికట్టు పట్టుకుని ఆపాడు. "సచ్చినోడిని లేపి కూసోబెట్టొద్దు. ఎట్ల సచ్చినాడో ముందు సూడు." లోపలి లాగ్ తెరిచాం. సర్వర్ తను చేసేదంతా వరసగా రాసుకునే దస్తరం అది. చివరి వాక్యంలో ఎవడో పిల్లాడు ఇంకొకణ్ణి తిట్టాడు. దాని తర్వాత ఏమీ లేదు. ఆగిపోతున్నానన్న మాట కూడా లేదు.

"చెప్పకుండా పోయినాడంటే వాడు పోలేదప్పా. ఎవురో తీసకపోయినారు" అన్నాడు. "కండ్లు మూసుకో. ఆళ్లగడ్డ గదిలో ఉండావు. చోటు ఎంత ఉన్నట్టు అగుపిస్తాంది?"

మూసుకున్నాను. అప్పటికి నాకు ఆ విద్య బాగా వచ్చు. గోడలు దూరంగా జరిగిపోయాయి. మిషన్‌లో ఉన్న మెమరీ అంతా, నాలుగు జీబీలూ, ఎండాకాలం కుందూ ఏటి ఇసుక మాదిరి కనుచూపు మేర పరుచుకుని ఉంది. "పెద్ద ఇల్లన్నా. అంతా ఖాళీగా ఉంది. అంతా నాదే" అన్నాను కలలో మాదిరి.

"నీదేనని ఎవురు చెప్పినారు?"

నాకు మెలకువ వచ్చింది. ఆ రోజుల్లో కంటైనర్లో ఉన్న ఆటకు మిషన్‌లోని మెమరీ అంతా కనపడేది. దానికి మనం రాసిచ్చింది మాత్రం అందులో ఒక ముక్కే. అంతా తనదే అనుకుని ఆటలోని పాత మైదానాన్ని తుడవకుండానే కొత్తది పరుచుకుంటూ పోతుంది. రాసిచ్చిన గీత దాటగానే బయటి మిషన్ దాన్ని చంపేస్తుంది. ఎందుకు చచ్చిందో లోపల ఎక్కడా ఉండదు. బయటి లాగ్‌లో ఉంటుంది. ఆ గీతను పది రోజుల కిందట తగ్గించింది నేను. నంద్యాల పిల్లలు కొత్త ఆట కావాలంటే దానికో గది కట్టాలి. మెమరీ చాలలేదు. ఎవరిది తగ్గించాలి? పెళ్లి భోజనాల్లో చోటు చాలకపోతే మనం మన ఇంటివాళ్లనే చివరి బంతికి ఆగమంటాం. బయటివాళ్లను ఆపితే మాట పడాలి, మనవాళ్లయితే సర్దుకుంటారు. ఆళ్లగడ్డవాణ్ణి కాబట్టి నేను ఆళ్లగడ్డ గదిని తగ్గించాను. రెండు రోజుల్లో ఆ కొత్త ఆట మోజు తీరగానే సరిచేద్దామనుకున్నాను. మోజు తీరింది, నేను మరిచిపోయాను. ఏ మార్పు చేసినా పక్కన పేరు, కారణం రాయాలని అన్న నియమం. అది కూడా రాయలేదు.

"ఏం కనపడింది?" అన్నాడు.

"ఏం లేదన్నా" అన్నాను.

ఆయన భోజనానికి ఇంటికి వెళ్లాడు. నేను ఆ అంకెను పాత అంకెగా మార్చాను. అర నిమిషం పని. సాయంత్రం ఆళ్లగడ్డ గదిలో పద్నాలుగు మంది ఆడారు, ఎవరూ బయటపడలేదు. "ఎట్ల బాగైంది?" అని అడిగితే, "దానంతటదే అన్నా" అన్నాను. ఆయన తల ఊపి, ఫోన్ తీసి, నాముందే బాషా అన్నకు చెప్పాడు, సంతోషంగా. "బాగైంది రా. ఎందుకో మాత్రం తెల్దు."

అవతల ఉలి చప్పుడు ఆగింది. బాషా అన్న ఎవరినో ఆగమన్నట్టున్నాడు. "పది దినాలు బాగుకానిది, నేను పొద్దున అడిగితే మాపటికి బాగైంది. ఎందుకో తెల్దు. నాకు తెలిసిందిలే మద్దిలేటీ" అని పెట్టేశాడు.

మద్దిలేటి అన్న ఫోన్ పక్కన పెట్టి వెనక గదిలోకి పోయాడు. చేయని పనికి సంజాయిషీ ఎలా చెప్పుకోవాలో ఆయనకు తెలియదు. నేను అర నిమిషంలో చేసిన మరమ్మతు ఇరవై ఏళ్ల స్నేహితుణ్ణి దొంగను చేసింది. ఇంటికి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పొద్దు వాలుతుంటే శనగ చేలు వెనక్కి పోవడం చూస్తూ, ఈ సంగతి కూడా దానంతటదే బాగవుతుందేమో అని కాసేపు ఆలోచించాను. బస్సు ఆళ్లగడ్డ చేరేలోగా కాలేదు.

మరుసటి ఉదయం నంద్యాల బస్సెక్కి, కండక్టరు వచ్చేలోగా దిగి, బాషా అన్న సెంటర్‌కు నడిచాను. ఆయన తడిబట్టతో కీబోర్డుల మీది రాతిపొడి తుడుస్తున్నాడు. ముగ్గురు పిల్లలు ఆడుతున్నారు. నేను జరిగింది చెప్పాను. కొంచెం హాస్యంగా చెప్పాలని దారిలో అనుకున్నాను గానీ, హాస్యం ఆరోజు రాలేదు.

"అయితే పది దినాల్నుంచి మేము తిట్టాల్సింది నిన్నా అన్నా?" అన్నాడు ఒక పిల్లాడు.

"అవును."

"మరి నంద్యాల ఆయప్పను తిట్టినవన్నీ యేస్టయిపాయ గదా" అని మళ్లీ ఆటలోకి వెళ్లిపోయాడు.

బాషా అన్న బట్ట పిండి ఆరేశాడు. "నువ్వు ఈ ఊరోడివే గదప్పా?"

"అవునన్నా."

"మనూరోడే మన చోటు తగ్గిచ్చినాడు. నేను నంద్యాలోణ్ణి అంటి." నంబరు నొక్కి ఫోను నా చేతిలో పెట్టాడు.

మద్దిలేటి అన్న అంతా విన్నాడు. "ఎంత ఉండె?" అన్నాడు.

"ఒక జీబీ."

"ఎంత చేసినావు?"

"పావు."

"ఎందుకు?"

"మనోళ్లే గదా, సర్దుకుంటారని."

"సర్దుకుంటారు" అన్నాడాయన. "వాళ్లకు చెప్తే గదా సర్దుకునేది. ఫోను బాషాకియ్యి."

వాళ్లిద్దరూ ఆ విషయం మాట్లాడుకోనే లేదు. నందికొట్కూరులో ఎవరిదో పెళ్లికి పోవాలా వద్దా అని అరగంట మాట్లాడుకున్నారు. నేను తర్వాతి బస్సుకు నంద్యాల వెళ్లి, ఆ అంకె పక్కన నా పేరూ, మార్చిన కారణమూ రాశాను. అన్న తిడతాడని వారం రోజులు ఎదురుచూశాను. తిట్టలేదు. ఆ నెలలోనే రెండు ఊళ్లకూ పోటీ పెట్టారు. ఆళ్లగడ్డ చిత్తుగా ఓడింది. గది ఒక్కసారి కూడా చావకపోవడంతో ఓటమికి కారణం చెప్పుకోవడానికి మావాళ్లు చాలా ఇబ్బంది పడ్డారు.

స్మార్ట్‌ఫోన్లు వచ్చాక సెంటర్లు పోయాయి. మద్దిలేటి అన్న పూర్తిగా వైండింగ్‌కే వెళ్లిపోయాడు, కొన్నేళ్ల కిందట ఈ లోకం నుంచే వెళ్లిపోయాడు. నేనిప్పుడు పనిచేసే చోట అటువంటి గదులు వేలల్లో ఉన్నాయి. అవి చెడినప్పుడు పదిహేను మందిమి ఒక మీటింగులో చేరతాం. ఈమధ్య ఏం మార్చారని ఎవరో అడుగుతారు. ఎవరూ మాట్లాడరు. ఆ కొన్ని క్షణాల్లో నేను నా పనులే వెనక్కి తిరిగి చూసుకుంటాను. చాలాసార్లు తప్పు నాది కాదు. కొన్నిసార్లు నాదే. అప్పుడు ఎంత ఉండె, ఎంత చేశాను, ఎందుకు, ఈ మూడూ చెప్తాను. ఇన్నేళ్లలో అది సులువేమీ కాలేదు. కాకపోతే ఆ మాట నోటికి రావడానికి అప్పట్లో ఒక రాత్రి, ఒక బస్సు పట్టింది. ఇప్పుడు ఆ మీటింగు ముగిసేలోపే వచ్చేస్తుంది.