రొయ్యల చెరువు గట్టున హెవీ మెటల్

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, మన వయసువాళ్ళందరికీ తప్పని ఆ కునుకు తీస్తుండగా ఎవరో అమ్మాయి ఫోను చేసి, తాను ఇంటర్నెట్టులో పాటల కార్యక్రమం నడుపుతున్నాననీ, హెవీ మెటల్ గిటారిస్టుగా నా ఇటీవలి ప్రాజెక్టుల గురించీ రాబోయే ఆల్బమ్ గురించీ కాసేపు మాట్లాడాలనీ అడిగింది. యానాంలో రొయ్యల మేత దుకాణం చూసుకుంటూ, పొద్దున్నే లేచి మోకాళ్ళకు నూనె రాసుకునే మనిషికి ప్రాజెక్టులేమిటా అని నాకే నవ్వొచ్చింది గానీ, అడిగేవాళ్ళే కరువైన విద్య కాబట్టి ఉత్సాహంగానే చెప్పాను. విశాఖపట్నం కుర్రాళ్ళ బృందం ఒకటి అడిగితే ఇంట్లోంచే వాళ్ళ పాటలకు గిటారు వాయించి పంపానన్నాను. మాటల్లేకుండా ఒట్టి గిటారుతో చిన్న ఆల్బమ్ ఒకటి వేసవిలో విడుదల చేశాననీ, దాన్ని మా ఊళ్ళో ఒక్కరూ వినకపోయినా ఎక్కడో మంచు కురిసే దేశాలవాళ్ళు విని మెచ్చుకున్నారనీ చెప్పాను. ఇక రాబోయే ఆల్బమ్ సంగతి దాటవేశాను. అది ఇరవై ఏళ్ళుగా రాబోతూనే ఉంది. ఆ అమ్మాయికి మా పాత సీడీ ఎక్కడో దొరికిందట. అట్ట మీద పేరున్న ఆఖరి పాట లోపల ఎందుకు లేదనీ, మిగతా పాటల వెనక ఎడతెగకుండా వినిపించే ఆ నీళ్ళ చప్పుడేమిటనీ అడిగితే, సిగ్నలు సరిగా లేదని చెప్పి పెట్టేశాను. ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతాను, మీలో చాలామంది ఆ రోజులు చూసినవాళ్ళే కాబట్టి.

అవి రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళు. మా వైపు గిటారు అంటే పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రావాళ్ళ చేతిలో కనిపించే వస్తువు, అంతే. కాకినాడలో చదువుకునేటప్పుడు హాస్టల్లో ఎవడో వినిపించిన క్యాసెట్టు ఒకటి నన్ను పాడుచేసిందని మా నాన్న చివరిదాకా నమ్మాడు, ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ముప్పయ్యేళ్ళు మీద పడుతున్నా, పగలంతా మేత బస్తాల మధ్య కూర్చుని సాయంత్రమయ్యేసరికి గిటారు అందుకునేవాణ్ణి. డిస్టార్షన్ పెట్టి మీటితే గిటారు గొంతు బొంగురుపోయి గరగరమంటుంది, ఆ సంగీతానికి అదే ప్రాణం. అది విన్న మొదటిరోజే మా అమ్మ స్పీకరు పెట్టె పాడైపోయిందనుకుని, షాపువాడికిచ్చి బాగుచేయించుకోమని నా వెంటపడింది. డ్రమ్ములు వాయించేవాడు మా చిన్నాన్న కొడుకు, నాకు తమ్ముడు. పాడేవాడు నా స్నేహితుడు, ఇంటర్నెట్ సెంటరు నడుపుకునేవాడు. ఆదివారం చర్చిలో వాడు పాడుతుంటే ముసలమ్మలు కళ్ళు తుడుచుకునేవారు, అదే గొంతుతో వారం మధ్యలో మా దగ్గర గాండ్రించేవాడు. ఇంట్లో సాధన చేస్తుంటే వాళ్ళమ్మ గొంతు పట్టేసిందనుకుని మిరియాల కషాయం కాచి ఇచ్చేది, వాడు కిక్కురుమనకుండా తాగేసేవాడు.

ముగ్గురం కలిశాం గానీ వాయించుకోవడానికి చోటు లేదు. ఇళ్ళ మధ్య మొదలుపెట్టిన మొదటిరోజే వీధి వీధంతా మా గుమ్మం ముందుకొచ్చింది. అప్పుడు ఆదుకున్నది బావ. మా అక్కను కనకాలపేట ఇచ్చాం, బావకు అడవిపొలం ఊరి వైపు రొయ్యల చెరువులుండేవి, గట్టు మీద మేత బస్తాలు పెట్టుకునే రేకుల షెడ్డు ఉండేది. మా వాయిద్యం ఒకసారి విని, "ఇదేం పాటోయ్, మోటారు బేరింగు పోయినట్టుంది" అన్నాడు గానీ షెడ్డు తాళంచెవి మాత్రం తీసి నా చేతిలో పెట్టాడు. ఒక్కటే షరతు, ఏరియేటర్లు తిరుగుతున్నప్పుడే వాయించుకోవాలి. ఏరియేటర్లంటే చెరువు నీటిని చిలికి రొయ్యలకు గాలి అందించే చక్రాలు. ఆ మోతలో మా మోత కలిసిపోయి పక్క చెరువులవాళ్ళు గొడవకు రారని బావ ఆలోచన. పైగా షెడ్డుకు వేరే కరెంటు లేదు, ఆ చక్రాలు తిప్పే జనరేటరు నుంచే మా పెట్టెలకూ వైరు లాక్కోవాలి. రాత్రిళ్ళు అవి ఎలాగూ తిరుగుతాయి, కాని పాముల భయంతో అక్క మమ్మల్ని రాత్రిపూట గట్టు ఎక్కనిచ్చేది కాదు. పగలు ఎండ కాస్తే నీళ్ళలో గాలి సరిపడా ఉంటుందని చక్రాలు ఆపేస్తారు, మబ్బు పడితేనే పగలు కూడా తిప్పుతారు. అంచేత మాకు మబ్బు పట్టిన రోజే ప్రాక్టీసు. ప్రపంచంలో ఇంకే బృందమైనా ఆకాశం చూసి పాట మొదలుపెట్టేదో లేదో నాకు తెలియదు. దుకాణానికి వచ్చిన రైతులు మబ్బు చూసి దిగాలుపడుతుంటే, వాళ్ళకు మేత తూచి ఇస్తూ లోలోపల గంతులేసినవాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను.

ఆ ఏడు వానాకాలం మాకు బాగా కలిసొచ్చింది. స్నేహితుడు తన సెంటరులోని కంప్యూటరును ఖాళీ మేత సంచుల్లో చుట్టి ఆటోలో తెచ్చేవాడు, దాంట్లోనే పాటలు రికార్డు చేసుకునేవాళ్ళం. ఏం చేసినా వెనక నీళ్ళ చప్పుడు పోయేది కాదు. కొన్నాళ్ళకు దానికి ఎంత అలవాటుపడ్డామంటే, అది లేకపోతే పాట బోసిగా ఉంటుందని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం. కాకినాడలో ఒక షాపతను అమ్మిపెడతానంటే తొందరపడి అట్టలు కూడా అచ్చువేయించాం. ఇక మిగిలింది ఒక్క పాట, గోదావరి సముద్రంలో కలిసే చోటు గురించి మేమే రాసుకున్న పెద్ద పాట. అది అయితే ఆల్బమ్ అయిపోయినట్టే.

అక్కా బావల ఆశ కూడా అప్పుడు ఆ చెరువుల మీదే ఉంది. ఆ పంట చేతికొస్తే సొంత ఇల్లు కట్టుకోవాలని అప్పటికే పునాదులు తీయించారు. అక్క రోజూ సాయంత్రం వెళ్ళి వంటగది ఎక్కడ, గుమ్మం ఎక్కడ అని ఆ గోతుల చుట్టూ తిరిగి చూసుకొచ్చేది.

ఒకరోజు పొద్దున చెరువు కాపలా మనిషి పరుగున దుకాణానికి వచ్చి, "ఆయ్, రొయ్య గట్టుకొచ్చేత్తందండి" అన్నాడు. నేను వెళ్ళేసరికి గట్టు పొడుగునా కాకులు, కొంగలు. నీళ్ళ అంచున రొయ్యలు ఒళ్ళు తెలియనట్టు తేలుతున్నాయి, ఒకదాన్ని పట్టి చూస్తే తల చిప్ప మీద తెల్ల మచ్చలు. ఆ తెగులుకు అప్పటికీ ఇప్పటికీ మందు లేదు. బతికున్నవి బతికున్నట్టే పట్టేసి వచ్చిన ధరకు అమ్ముకోవడమే. సగం కూడా ఎదగని రొయ్యను వలల్లో లాగుతుంటే అక్క గట్టు మీద నిలబడి చూస్తూ ఉంది.

తెగులు ఎందుకొచ్చిందో తేలేలోపే మా మీద పడింది. రోజూ ఆ గోల వింటే రొయ్య బెదిరిపోయి మేత మానేసిందనీ, నీరసించిపోతే తెగులు తగులుకుందనీ పక్క చెరువులవాళ్ళన్నారు, అక్క మామగారు నమ్మారు. ఇది కొనుక్కొచ్చే రొయ్యపిల్లలోనే వచ్చే తెగులనీ, పిట్టల్ని తోలడానికి గట్ల మీద అందరూ టపాకాయలు కాలుస్తూనే ఉన్నారుగా అనీ నేను గట్టిగానే వాదించాను. "టపాకాయ ఒకసారి పేలి ఊరుకుంటాది అబ్బాయ్, మీది ఊరుకోదు" అన్నారాయన. మేత అమ్ముకునేవాణ్ణి, నాలుగు విషయాలు తెలిసినవాణ్ణి, నాకే లోపల అనుమానం పట్టుకుంది. రొయ్యలకు మా పాట ఎలా వినిపించిందో ఎవరు చెప్పగలరు? కాదని రుజువు చేసే దారి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అక్క మాత్రం నన్ను వీధి చివరిదాకా సాగనంపి, "కొన్నాళ్ళు ఇటు రాకురా తమ్ముడూ, ఆళ్ళు నిన్నంటా ఉంటే నేను వినలేను" అంది. ఆ మాటకు నేను సైకిలు ఎక్కలేక నడుచుకుంటూ ఇంటికి వచ్చాను.

బావ ఆ రోజుల్లో మంచీ చెడ్డా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. కొద్దిరోజుల తరవాత, సామాను తీసుకుని ముగ్గురూ రమ్మని కబురు పంపాడు. ఆ రోజు ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు, ఎండ మాడ్చేస్తోంది. చెరువులో ఒక్క రొయ్య లేదు. తెగులు నీళ్ళను బయటికి వదిలే ముందు బ్లీచింగ్ చల్లి నిలబెట్టాలి, అలా నిలబెట్టిన ఒట్టి నీళ్ళలో ఏరియేటర్లన్నీ తిరుగుతున్నాయి. బ్లీచింగ్ కలవాలని వాళ్ళ నాన్నకు చెప్పాడట. కలవడానికి గంట చాలు, బావ పొద్దుటినుంచీ తిప్పుతూనే ఉన్నాడు. నన్ను చూసి, "ఒక పాటేదో మిగిలిపోయిందన్నావుగా, కానియ్యండి. ఈ నీళ్ళు వదిలేశాక మళ్ళీ ఎప్పుడు తిప్పుతానో" అని, తలమీద తువ్వాలు కప్పుకుని దూరంగా గట్టు మీద మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

కంప్యూటరు పెట్టాం, వైర్లు కలిపాం. తమ్ముడు డ్రమ్ముల మీద మొదలుపెట్టాడు. కళ్ళు మూసుకుని వాయించే పాట, నిద్రలో లేపినా వాయించే పాట, నా వేళ్ళు తీగ మీద కదలలేదు. మళ్ళీ మొదలుపెట్టాం, స్నేహితుడి గొంతు రాలేదు. మళ్ళీ మొదలుపెడితే తమ్ముడు మధ్యలో పుల్లలు కింద పెట్టేశాడు. కిటికీలోంచి చూస్తే ఆ ఖాళీ నీళ్ళు, చక్రాలు, బావ వీపు. నాకు ఏడుపొచ్చింది, దాచడమెందుకు. అంత చేసిపెట్టిన మనిషికి ఒక్క పాట వాయించి చూపలేకపోయాం. ఎండ వాలాక బావ వచ్చి "అయ్యిందా?" అని అడిగితే మా తమ్ముడే అయ్యిందన్నట్టు తల ఊపాడు. బావ మొహంలో చాలా రోజుల తరవాత కాస్త నవ్వు కనిపించింది. అలా నవ్వినవాడికి కాదని ఎలా చెప్పడం? ఆయన వెళ్ళి జనరేటరు ఆపేశాడు.

ఆ పునాదుల్లో తరవాత వానాకాలాలకు నీళ్ళు నిలిచాయి, చాలా ఏళ్ళకు గానీ అక్కావాళ్ళు వాటిమీద చిన్న ఇల్లు కట్టుకోలేకపోయారు. బావ చెరువులు లీజుకిచ్చేశాడు. తమ్ముడు కాకినాడ రేవులో ఉద్యోగంలో చేరాడు, స్నేహితుడు సెంటరు మూసేసినా చర్చిలో ఇంకా పాడుతున్నాడు. అచ్చయిన అట్టలు పారేయలేక ఉన్న పాటలే సీడీలు చేసి తెలిసినవాళ్ళకు పంచాం, బావకు తప్ప.

ఇప్పుడు రొయ్యే మారిపోయింది, వెనామీ అనే కొత్త రకం వచ్చింది. ఎండయినా మబ్బయినా రేయింబవళ్ళు ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి. ట్రాక్టర్ల మీద డీజే పెట్టెలు పెట్టుకుని ఊరంతా అదిరిపోయేలా ఊరేగుతున్నా ఇదేమిటని అడిగేవాడు లేడు. నేనేమో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పక్కగదిలో ఉన్న మా ఆవిడకు కూడా వినపడకుండా హెవీ మెటల్ వాయించుకుంటున్నాను. ఎవరికీ అడ్డం లేని కాలం వచ్చింది, అప్పుడు మాకు అడ్డుపడినవాళ్ళలో సగంమంది లేరు.

బావ ఈమధ్య రోజూ మా దుకాణానికి వచ్చి కూర్చుంటున్నాడు. జనరేటరు పక్కన అన్నేళ్ళు బతికి చెవులు మందగించాయి, మొన్ననే వాళ్ళమ్మాయి, మా మేనకోడలు, చెవి మిషను కొనిచ్చింది. అది పెట్టుకున్న మర్నాడే వచ్చి, "ఇప్పుడు బాగా ఇనపడతాందోయ్. ఆరోజు మా చెరువు మీద చేశారే, ఆ పాట ఓసారి పెట్టు" అన్నాడు. ఆ సాయంత్రం గది తలుపు మూసుకుని వాయిస్తే, ఇన్నేళ్ళకు, మొదటిసారికే పాటంతా వచ్చేసింది. వచ్చి ఏం లాభం? ఆయన అడిగేది ఆరోజు పాట, వెనక ఆ నీళ్ళ చప్పుడున్న పాట. దాన్ని ఏ ఆల్బమ్‌లోంచి తీసి ఇవ్వను? రేపు తెస్తాను బావా అని రోజూ అంటున్నాను. తొందరేముందోయ్, అదెక్కడికి పోద్ది, అంటున్నాడు.